పలకరాతి పనిశాలకు సాంకేతిక విశ్వవిద్యాలయపు తోడు

పలక అనగానే తెలుగువారికి ఓనమాలు జ్ఞప్తికి వచ్చును. చెక్క చట్రములో బిగించిన నల్లని పలకయు, చిన్న బలపమును ఎన్నో తరములవారికి తొలి విద్యాసాధనములు. అయితే బడిపిల్లవాని సంచిలో తప్పక ఉండిన ఆ పలక ఏ ఊరినుండి వచ్చినదని విచారించినవారు కొద్దిమందియే. పడమట నల్లమల కొండలు, తూర్పున వెలికొండలు – ఈ రెంటి నడుమ గల మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతము పలకరాతికి పుట్టినిల్లు. 1970లో ఒంగోలు కేంద్రముగా క్రొత్త జిల్లా ఏర్పడువరకు ఈ సీమ కర్నూలు జిల్లాలో ఉండెను. గుంటూరు నుండి నంద్యాల పోవు రైలుమార్గము దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు స్టేషనుల మీదుగా ఈ సీమను దాటి పోవును. వానలు తక్కువ, మెట్టసేద్యము ఎక్కువ అయిన ఈ ప్రాంతములో పొలముపై ఆధారపడలేని కుటుంబములకు పలకరాయి అన్నము పెట్టినది.

భూగర్భశాస్త్రజ్ఞులు ఈ రాతి పొరలకు కంభం పేరే పెట్టినారు. కడప రాతి సముదాయములో ఇవి యొక భాగము. నూరు కోట్ల సంవత్సరములకు మించిన పూర్వకాలమున నీటి అడుగున పేరుకొన్న మెత్తని బురద క్రమముగా గట్టిపడినది. పిమ్మట భూమిలోని ఒత్తిడికి, వేడికి లోనై అది పలకరాయిగా మారినది. ఆ ఒత్తిడిలో అభ్రకజాతికి చెందిన సన్నని రేకులన్నియు ఒకే వాలుగా సర్దుకొన్నవి. అందుచేతనే ఈ రాయి ఆ వాలున పుస్తకపు పుటల వలె విడివడును. తక్కిన రాళ్లను కోయవలెను, పలకరాతిని విప్పవలెను. దీని విలువ యంతయు ఆ గుణముననే ఉన్నది.

విప్పుట తేలిక పని కాదు. గనినుండి తీసిన దిమ్మె పూర్తిగా ఆరిపోయినచో సరిగా చీలదు. తేమ ఉండగనే పని ముగింపవలెను. ఉలిని ఏ గీతమీద నిలుపవలెనో, సుత్తితో ఎంత బలముగా కొట్టవలెనో చేయి తిరిగిన పనివానికే తెలియును. అతడు రాతిని తట్టి ఆ ధ్వనిని వినును. కంగుమని మ్రోగినచో రాయి నిండుగా ఉన్నట్లు; బొంగురుగా పలికినచో లోపల పగులు ఉన్నట్లు. ఈ విద్య పుస్తకములో లేదు. తండ్రినుండి కొడుకునకు, మేస్త్రీనుండి పనివానికి వచ్చినది.

కాలము మారినది. నోటుపుస్తకములు చౌకయైనవి; ప్లాస్టిక్ పలకలు వచ్చినవి. వ్రాతపలకకు గిరాకీ తగ్గిపోయినది. పరిశ్రమ నిలుచుటకై మరియొక త్రోవ వెదకుకొనినది. ఇండ్ల గోడలకు, నేలలకు, తోటలలోని నడకదారులకు వేయు అలంకారపు పలకలను మార్కాపురములో తయారుచేసి ఇతర రాష్ట్రములకును, విదేశములకును పంపుచున్నారు. అయితే వ్రాతపలక కొనువాడు అడిగిన ప్రశ్నలు వేరు, ఇప్పుడు కొనువాడు అడుగు ప్రశ్నలు వేరు. వ్రాతపలక నునుపుగా ఉండి, అక్షరము కనబడిన చాలును. విదేశమున ఇల్లు కట్టువాడు మాత్రము, ఈ రాయి ఎంత నీరు పీల్చును, ఎంత బరువునకు విరుగును, పది శీతకాలములు గడచిన పిదప దీనిపై తుప్పు మరకలు వచ్చునా, వేయి పలకలును ఒకే మందముగా ఉండునా అని అడుగును. ఈ ప్రశ్నలకు చేతి నేర్పు ఒక్కటియే సమాధానము చెప్పజాలదు, కొలత కావలెను. సాంకేతిక విశ్వవిద్యాలయపు అక్కర ఇచ్చటనే ఏర్పడుచున్నది.

సాంకేతిక విశ్వవిద్యాలయమనగా ఇంజనీరింగు పట్టములిచ్చు సంస్థ యని సామాన్యముగా తలంతుము. అది నిజమే గాని పూర్తి నిజము కాదు. మన ప్రాంతమున ఈ విద్య కొంత పాతదియే. కాకినాడ, అనంతపురము ఇంజనీరింగు కళాశాలలు 1946లో ప్రారంభమైనవి. 1972లో ఆ రెంటిని, హైదరాబాదు కళాశాలను కలుపుకొని జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయము ఏర్పడినది. 2008లో అది విభజింపబడి హైదరాబాదు, కాకినాడ, అనంతపురములలో వేరువేరు విశ్వవిద్యాలయములు వెలసినవి. మార్కాపురం పరిసరములలోని ఇంజనీరింగు కళాశాలలు కాకినాడ విశ్వవిద్యాలయమునకు అనుబంధములు. ఇట్టి సంస్థల విధులు మూడు. విద్యార్థులకు చెప్పుట మొదటిది. క్రొత్త సంగతులను కనుగొనుట రెండవది. దేశమందలి పరిశ్రమలకు తోడై నిలుచుట మూడవది. మొదటి రెండు విధులను గూర్చి తరచుగా వినుచుందుము. మూడవదానిని గూర్చి విచారించుటయే ఈ ప్రసంగపు ఉద్దేశము.

ముందుగా ఒక మాటను స్పష్టము చేసికొనవలెను. అధునాతన తయారీ యనిన వెంటనే రాకెట్లు, విమానములు, మనుష్యులు లేని కార్ఖానాలు కండ్లముందు మెదలును. నిజమునకు ఆ మాటకు అర్థము యంత్రము పెద్దదగుట కాదు. వస్తువును చేయుచుండగనే కొలుచుట. కొలిచిన దానినిబట్టి యంత్రపు నడకను కంప్యూటరుచేత సరిదిద్దుట. మొదటి వస్తువు ఎట్లున్నదో వేయవ వస్తువు అట్లే ఉండునట్లు చూచుట. చేసిన ప్రతి పనికి లెక్క ఉంచుట. పనివానికి హాని లేకుండ చేయుట – ఇవియే దాని లక్షణములు. ఈ అర్థములో చూచినచో చిన్న రాతిపనిశాలయు అధునాతనము కాగలదు. గొప్ప భవనములో ఉన్న కార్ఖానాయు వెనుకబడి యుండగలదు.

మరి విశ్వవిద్యాలయములో తెలిసినది పనిశాలకు తానై ఎందుకు చేరదు? ప్రయోగశాలలో పది ముక్కలపై ఫలించిన విధానమును పనిశాలలో దినమునకు వేయి ముక్కలపై నడుపవలెను. అక్కడ కరెంటు పోవును, విడిభాగము దొరకదు, ముక్కకు ఇంత అని కూలి తీసికొను పనివానికి నిదానము నష్టమగును. బల్లమీద ఋజువైనదానిని ఇన్ని చిక్కుల నడుమ నిలబెట్టుటకు కాలము, ధనము, ఓర్పు కావలెను. పెద్ద కంపెనీ తన సొంత ప్రయోగశాల పెట్టుకొని ఆ ఖర్చు భరింపగలదు. ఐదారుగురు పనివారితో నడచు పనిశాల యజమాని భరింపలేడు. అప్పు చేసి యంత్రము తెచ్చిన పిమ్మట అది తన రాతికి పనికిరానిదని తేలినచో, యంత్రము మూలబడును గాని అప్పు మూలబడదు. కావున తప్పిపోయినను ఎవరి ఇల్లును కూలని చోటు ఒకటి ఉండవలెను. అందరి తరఫున అక్కడ ప్రయత్నము జరుగవలెను. ఆ చోటు సాంకేతిక విశ్వవిద్యాలయమే కాదగినది.

ఈ ఆలోచనను ఆచరణలో పెట్టినవారు కలరు. జర్మనీలో 1949లో ఫ్రాన్‌హోఫర్ సంఘము మ్యూనిచ్ నగరమున స్థాపింపబడినది. నేడు దానికి డెబ్బదికి మించిన పరిశోధనాలయములు ఉన్నవి. ఆ పరిశోధనాలయములకు అధిపతులుగా ఉండువారు సాధారణముగా సమీపమందలి విశ్వవిద్యాలయములలో ఆచార్యులు కూడ. అందుచేత బోధనకు, పరిశోధనకు, పరిశ్రమకు నడుమ ఒకే మనిషి వంతెనగా ఉండును. వారి ఆదాయములో ఒక భాగమును ప్రభుత్వము స్థిరముగా ఇచ్చును; తక్కినదానిలో గణనీయమైన భాగమును పరిశ్రమలకు పనిచేసియే సంపాదింపవలెను. పరిశ్రమ పైకమిచ్చి అడిగిన ప్రశ్న కనుక సమాధానము ఆలస్యము కాదు. ప్రభుత్వపు అండ ఉన్నది కనుక దూరదృష్టితో చేయవలసిన పని మూలబడదు.

ఇంగ్లండులోని షెఫీల్డు కథ మన పశ్చిమ ప్రకాశమునకు మరింత దగ్గరైనది. షెఫీల్డు ఉక్కునకు, కత్తులకు పేరొందిన నగరము. దాని సమీపమందలి ఆర్‌గ్రీవ్ అను చోట బొగ్గుగనులు, కోకు బట్టీలు ఉండెడివి. కాలము మారి బట్టీలు 1990లో మూతపడినవి. ఆ మూతపడిన స్థలమునందే షెఫీల్డు విశ్వవిద్యాలయము 2001లో బోయింగ్ విమాన సంస్థతో కలిసి అధునాతన తయారీ పరిశోధనా కేంద్రమును స్థాపించినది. గట్టి లోహములను శీఘ్రముగా, సన్నగా, తప్పులేకుండ కోయుట ఎట్లన్నది వారు మొదట చేపట్టిన ప్రశ్నలలో ఒకటి. అనగా ఆ ఊరివారికి తరతరములుగా తెలిసిన లోహపు పనినే వారు మరియొక మెట్టు పైకెత్తిరి. పెద్ద కంపెనీలు, చిన్న కంపెనీలు తమ తమ తాహతునుబట్టి చందా కట్టి సభ్యులైనవి. పనిచేయుచు నేర్చుకొను యువకులకు అక్కడనే శిక్షణ కేంద్రము ఏర్పడినది. 2018లో బోయింగ్ సంస్థ ఐరోపాలో తన మొదటి తయారీ కార్ఖానాను ఆ నగరముననే తెరచినది. విశ్వవిద్యాలయము ఊరి పాత నేర్పును త్రోసిపుచ్చక, దానిపైననే క్రొత్త కట్టడము కట్టినది. ఈ కథలో మనము గమనింపవలసిన ముఖ్యవిషయము ఇదియే.

మన పొరుగుననే మరియొక ఉదాహరణము కలదు. పశ్చిమ జర్మనీ సహాయముతో 1959లో ప్రారంభమైన మద్రాసు ఐ.ఐ.టి. తన ప్రక్కనే పరిశోధనా ఉద్యానమును నెలకొల్పి 2010 నుండి కంపెనీలకు చోటు ఇచ్చుచున్నది. అక్కడ గది అద్దెకు తీసికొనిన కంపెనీ అద్దె కట్టి ఊరకుండరాదు. ఆచార్యులతో కలిసి పరిశోధన చేయుట, విద్యార్థులకు పని ఇచ్చుట వంటివానికి లెక్కలు కట్టి, ఆ సంబంధము నిజముగా నడచుచున్నదా లేదా యని చూచుదురు. ఆ ఐ.ఐ.టి. నీడలో పెరిగిన అగ్నికుల్ అను సంస్థ 2024 మే 30వ తేదీన శ్రీహరికోటనుండి ఒక చిన్న రాకెట్టును ప్రయోగించినది. దాని ఇంజనును అతుకులు లేకుండ ఒకే ముక్కగా త్రీడీ ముద్రణచే తయారుచేసిరి. లోహపు పొడిని పొరపై పొరగా పరచి, కావలసిన చోట మాత్రము కరిగించి వస్తువును పెంచుట ఈ విధానపు సారము. ఆ ప్రయోగమునకు ముందు పలుమార్లు తుదినిమిషములలో ఆపవలసి వచ్చినది. ఆగి, కారణము వెదకి, మరల ప్రయత్నించుటకు తగిన అండ ఉండుటచేతనే ఆ పని నెరవేరినది.

రాకెట్టునకును రాతిపలకకును సంబంధమేమి యని శ్రోతలు అడుగవచ్చును. వస్తువులు వేరైనను పద్ధతి ఒక్కటియే. పనిశాలలోని చిక్కును ప్రశ్నగా మార్చుట, ప్రశ్నను కొలతగా మార్చుట, కొలతనుబట్టి చిన్న మోతాదులో ప్రయత్నించుట, ఫలించినదానిని పనిశాలలో నిలబెట్టుట – ఈ నాలుగు మెట్లును రెంటికిని సమానము. మార్కాపురపు పలకకు ఈ పద్ధతిని అన్వయించి చూతము. అందు నాలుగు ప్రశ్నలు ముఖ్యములైనవిగా తోచుచున్నవి.

మొదటి ప్రశ్న ఊపిరికి సంబంధించినది. దీనిని మొదట చెప్పుటకు కారణము కలదు. పలకరాతిలో అభ్రకజాతి రేకులతోపాటు స్ఫటికశిల, అనగా క్వార్ట్జు, కూడ ఉండును. రాతిని పొడిగా కోసినపుడు, అరగదీసినపుడు లేచు దుమ్ములో కంటికి కనబడని కణములు ఉండును. మన తలవెంట్రుక మందములో పదవ వంతుకంటె చిన్నవైన ఆ కణములు ముక్కులో ఆగక ఊపిరితిత్తుల అడుగువరకు పోయి అక్కడ నాటుకొనును. ఏండ్లు గడచినకొలది ఊపిరితిత్తి గట్టిపడి, మనిషి నాలుగడుగులు నడచినను ఆయాసపడును. సిలికోసిస్ అను ఈ వ్యాధికి నయముచేయు మందు లేదు. ఇది ఉన్నవారికి క్షయ సోకు ప్రమాదమును ఎక్కువ. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్ ప్రాంతమున బలపములు కోయు పనివారిని అహమ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థవారు పరీక్షించి 1980వ దశకమున ఫలితములను ప్రకటించిరి. పరీక్షింపబడినవారిలో సగమునకు మించినవారికి ఈ వ్యాధి ఉన్నట్లు తేలినది. మన అక్షరములు దిద్దించిన బలపము వెనుక అంత బాధ దాగియున్నది.

ఈ వ్యాధిని మాన్పలేకపోయినను రాకుండ చేయవచ్చును. కోతచక్రముపై నీటిధార పడునట్లు చేసినచో దుమ్ము లేవదు. లేచిన దుమ్మును అక్కడికక్కడనే పీల్చి సంచిలో బంధించు గొట్టములు అమర్చవచ్చును. ఇవి తెలియని సంగతులు కావు. అయినను, ఏ పనిశాలలో ఏ మూల గాలిలో ఎంత దుమ్మున్నది, గొట్టపు నోరు కోతచక్రమునకు ఎన్ని అంగుళముల దూరమున ఉండవలెను, తడిసిన రాయి అంటుకొని పనికి అడ్డుపడకుండ ఏమి చేయవలెను, నీటి ఎద్దడి గల ఊరిలో ఆ నీటినే వడగట్టి మరల ఎట్లు వాడవలెను అనునవి చోటునుబట్టి తేల్చవలసిన విషయములు. గాలి కొలుచు పరికరములు, గాలి నడకను కంప్యూటరుపై లెక్కించు విద్య, నమూనా గొట్టమును తయారుచేయు పనిశాల – ఈ మూడును సాంకేతిక విశ్వవిద్యాలయపు చేతిలోని పనిముట్లే. అధునాతన తయారీకి మొదటి గురుతు యంత్రపు వేగము కాదు, పనివాని ఊపిరి అని చెప్పిన అతిశయోక్తి కాదు.

రెండవ ప్రశ్న పగుళ్లకు సంబంధించినది. గనిలో మందుగుండు పేల్చి రాతిని విడదీసినపుడు పైకి కనబడని పగుళ్లు దిమ్మెలోనికి వ్యాపించును. ఆ దిమ్మెను పనిశాలకు మోసి, చీల్చి, అంచులు కోసిన పిదప పలక విరిగినచో అప్పటివరకు పెట్టిన కూలి యంతయు వృథా. దీనికి రెండు ఉపాయములు ఉన్నవి. వజ్రపు పూసలు గ్రుచ్చిన తీగతో దిమ్మెను గనియందే కోసినచో పేలుడు దెబ్బ తప్పును. రాతిలోనికి చెవికి వినబడని ధ్వనితరంగములను పంపి, అవి ఆవలి వైపునకు ఎంత శీఘ్రముగా చేరినవో కొలిచినచో పగులు జాడ తెలియును; నిండురాతిలో తరంగము త్వరగా పోవును, పగులు అడ్డమున్నచో ఆలస్యమగును. ముసలి మేస్త్రీ రాతిని తట్టి వినునది ఈ శాస్త్రమునే. ఇట్టి మేస్త్రీ చెవిని విశ్వవిద్యాలయపు పరికరము ప్రక్కన కూర్చుండబెట్టి, ఇద్దరి తీర్పులను పోల్చి వ్రాసికొనినచో పరికరమునకు మన రాతి స్వభావము తెలియును. మేస్త్రీతో పోవు విద్య లిఖితరూపమున నిలుచును.

మూడవది ప్రమాణముల ప్రశ్న. పైకప్పులకు, గోడలకు వేయు పలకరాయికి ఐరోపా దేశములలో ఇ.ఎన్. 12326 అను ప్రమాణము అమలులో ఉన్నది. రాయి పీల్చు నీటి శాతము, వంచినపుడు విరుగు బలము, సున్నపుపాలు మొదలైనవానిని ఆ ప్రమాణము ప్రకారము పరీక్షింపవలెను. రాతిని మరల మరల వేడిచేసి నీటిలో ముంచి, దానిలో దాగిన పైరైటు అను ఇనుము, గంధకముల ఖనిజము తుప్పుపట్టి మరకలు వేయునేమో చూడవలెను. ఈ పరీక్షాపత్రము లేని సరుకును కొనువాడు తక్కువ ధరకే అడుగును. రాయి మంచిదైనను మంచిదని ఋజువు చేయలేనివాడు బేరములో ఓడిపోవును. పరీక్షకై నమూనాను దూరదేశమునకు పంపుట చిన్న ఎగుమతిదారునకు భారము. సమీప కళాశాల ప్రయోగశాలలో ఈ పరీక్షలు నమ్మదగిన రీతిని జరిగి, ఏ గనిలో ఏ పొర రాయి ఎట్టిదో పట్టికగా వ్రాసి ఉంచినచో బేరములో బలము చిన్నవాని వైపునకు వచ్చును.

నాలుగవది వ్యర్థపు రాతికి సంబంధించినది. పలకరాతి పనిలో పనికివచ్చు పలకకంటె పారవేయు రాయి ఎన్నో రెట్లు ఎక్కువ. బ్రిటనులోని వేల్సు దేశము ఒకనాడు ప్రపంచమునకు పైకప్పు పలకలు పంపినది. అక్కడి ఊళ్లచుట్టును ఆ వ్యర్థము కొండలుగా పేరుకొనినది. 2021లో ఆ గనుల ప్రాంతమును ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించిరి. వారసత్వము మంచిదే గాని ఊరికి కూలి కూడ కావలెను. పలకరాతి పొడిని రంగులలో, కప్పులకు పరచు తారు అట్టలలో కలుపుదురు. కొన్ని జాతుల పలకరాతిని సుమారు 1200 డిగ్రీల వేడిలో కాల్చినచో పేలాల వలె ఉబ్బి తేలికయగును; అమెరికాలోని ఉత్తర కెరొలినాలో ఇట్టి ఉబ్బిన రాతిని తేలిక కాంక్రీటులో వాడుచున్నారు. మార్కాపురపు రాతికి ఆ గుణము ఏ పొరలో ఎంత గలదో కొలిమిలో పెట్టి చూడవలెను. ఇక విరిగిన పలకముక్కలు బల్లపరుపుగా ఉండుటచేత మామూలు కంకరకు బదులు పనికిరావు; ఎంత పాలు కలిపినచో ఇటుక బలము తగ్గదో కొలిచి చెప్పవలెను. ఇంజనీరింగు విద్యార్థి చివరి సంవత్సరమున చేయు ప్రాజెక్టునకు ఇంతకంటె తగిన విషయము దొరకదు.

ఇంత మేలు గల పని సహజముగానే ఎల్లచోట్ల ఎందుకు జరుగుట లేదని ఆలోచింపవలెను. అనుబంధ కళాశాలలు అనేకములుగా గల విశ్వవిద్యాలయమునకు పాఠ్యక్రమము, పరీక్షలు, ఫలితములు ఇవియే పెద్ద భారము. ఆచార్యుని పదోన్నతికి ప్రచురించిన పరిశోధనా వ్యాసములు లెక్కకు వచ్చినంతగా, ఒక పనిశాలలో తగ్గించిన దుమ్ము లెక్కకు రాదు. ఇక పనిశాల యజమానికి విశ్వవిద్యాలయపు వాకిలి దూరముగా కనబడును. అక్కడి మాటతీరు అర్థము కాదు. తన కిటుకు బయటపడునేమో యని భయము. కనుగొనిన సంగతి ఎవరి సొత్తగునన్నది ముందుగా వ్రాసికొననిచో స్నేహముగా మొదలైన పని తగవుతో ముగియును. అమెరికాలో ప్రభుత్వధనముతో కనుగొనినవానిపై విశ్వవిద్యాలయములకే హక్కు ఉంచుకొను వీలును 1980లో చట్టముచేసి కల్పించిరి. చిన్న పరిశ్రమల సమూహము విషయములో హక్కు ఒక్కరికి గాక అందరికి చెందునట్లు ఒప్పందము వ్రాసికొనుట మేలు.

కొన్ని త్రోవలు ఇప్పటికే తెరచి యున్నవి. డాక్టరేటు లేకున్నను వృత్తిలో అనుభవము గడించినవారిని ఆచార్యులుగా నియమించుకొనుటకు విశ్వవిద్యాలయముల గ్రాంటుల సంఘము 2022లో నియమములు ప్రకటించినది. చిన్న పరిశ్రమలు ఒకేచోట గుమిగూడిన ఊళ్లలో అందరు కలిసి వాడుకొను యంత్రశాలలను నెలకొల్పుటకు కేంద్రప్రభుత్వ పథకము ఉన్నది. 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మంగళగిరిలో రతన్ టాటా పేర నూతన ఆవిష్కరణల కేంద్రమును ప్రారంభించి, విశాఖపట్నము, రాజమహేంద్రవరము, విజయవాడ, తిరుపతి, అనంతపురములలో దానికి శాఖలు ఏర్పరచినది. ఇవి యన్నియు పట్టణములే. పథకము పట్టణమున ఉన్నను, ప్రశ్న మాత్రము గనివద్దనే ఉన్నది. గనివద్దనుండి ప్రశ్నను తీసికొనిపోవు మనిషి ఒకడు లేనిచో, ఎంత మంచి ప్రయోగశాలయైనను తనకు తోచిన ప్రశ్నలనే వేసికొనుచుండును.

ఆ మనిషి ఎవరు? పెద్ద శాస్త్రజ్ఞుడే కానక్కరలేదు. తండ్రి పలకలు చీల్చుచుండగా చూచి పెరిగి, సమీపమందలి ఇంజనీరింగు కళాశాలలో చదువుచున్న కుమారుడో కుమార్తెయో కావచ్చును. నేడు ఆ పిల్లలలో అనేకులు పట్టము పుచ్చుకొనిన మరునాడే హైదరాబాదునకో బెంగుళూరునకో పోవుచున్నారు. పోవుట తప్పు కాదు. జీవనము వెదకుకొనుట అందరికి ఉన్న హక్కు. అయితే చివరి సంవత్సరమున ఆరు నెలలు వారు తమ ఊరి పనిశాలలోనే దుమ్మును కొలిచి, పగులును వెదకి, వ్యర్థమును తూచినచో, పట్టముతోపాటు ఊరికి ఉపకరించు నివేదికయు చేతికి వచ్చును. అట్టి నివేదికలు ఏటేట ఒకదానిపై ఒకటి చేరుటకు విశ్వవిద్యాలయము ఒక అధ్యాపకుని బాధ్యునిగా నియమించిన చాలును. మొదటి ఏట వచ్చిన విద్యార్థి కొలిచి పోవును. రెండవ ఏట వచ్చినవాడు సరిదిద్దును. మూడవ ఏట వచ్చినవాడు పనిశాలలో నిలబెట్టును. పెద్ద భవనము కట్టుటకు ముందే ఈ పని మొదలు పెట్టవచ్చును.

ఇండ్లలో ఈ పుటలు చదువుచున్నవారిలో తమ పిల్లలను ఇంజనీరింగు చదివించువారు ఎందరో ఉందురు. కళాశాలను ఎన్నుకొనునపుడు ఉద్యోగములు ఎన్ని వచ్చినవని అడుగుట సహజము. దానితోపాటు, మీ కళాశాల ఈ చుట్టుపట్ల ఏ పనిశాలకు ఏమి మేలు చేసినదని కూడ అడుగుట అలవాటు చేసికొనవలెను. తల్లిదండ్రులు అడుగని ప్రశ్నకు కళాశాలలు సమాధానము సిద్ధపరచుకొనవు.

దేశమునందలి బడులకు ఎన్నో ఏండ్లు పలకలు పంపి అక్షరములు దిద్దించినది ఈ పశ్చిమ ప్రకాశము. ఆ పలకలపై దిద్దుకొని పెద్దచదువులు చదివినవారు నేడు ప్రయోగశాలలలోను, విశ్వవిద్యాలయములలోను ఉన్నారు. ఆ చదువు మరల మార్కాపురపు పనిశాలకు వచ్చి, అక్కడి పనివానికి మంచి గాలిని, అతని సరుకునకు మంచి ధరను, అతని బిడ్డకు ఊరిలోనే గౌరవమైన పనిని కల్పింపగలిగిననాడు సాంకేతిక విశ్వవిద్యాలయమను పేరు సార్థకమగును.